నల్లరేగడి మనిషికి నేను రాసిన నియమం

ఎమ్మిగనూరులో నేను చీరల అంచులకు డిజైన్లు గీసే పనిలో ఉండేదాన్ని. గళ్ల కాగితం మీద ఒక్కో గడీ నింపుకుంటూ పోతే, అదే మగ్గం మీద పువ్వో హంసో అయ్యేది. ఆదివారాలు ఆదోనిలో మా ఇంటికి వెళ్లేదాన్ని. ఎనభైల చివర్లో ఒక వేసవిలో, బెంగళూరులో చదువుతున్న మా అన్న సెలవులకు వస్తూ ఒక జిరాక్సు పుస్తకం, ఇరవై ముఖాలున్న ప్లాస్టిక్ పాచిక తెచ్చాడు.

అదొక ఇంగ్లిషు ఆట. పటం ఉండదు, కాయలు ఉండవు. ఒకరు కథ చెబుతారు. మిగతావాళ్లు అందులో ఒక్కో పాత్రగా మారి, ఏం చేస్తామో చెబుతారు. అది జరుగుతుందా లేదా అన్నది పాచిక తేలుస్తుంది. కథ చెప్పేది అన్న. ఆడేది నేనూ, అన్న స్నేహితుడూ. అతను ఆదోనిలోనే పత్తి నుంచి గింజ తీసే ఒక జిన్నింగు మిల్లులో గుమస్తా. వాళ్ల నాన్నకు ఆలూరు దగ్గర పత్తి చేను, అందులో ఒక బావి ఉండేవి.

పుస్తకంలో అడవి శక్తులున్న పాత్ర ఒకటుంది. మంచు, దట్టమైన చెట్లు, ఎలుగుబంట్లు దాని బలం. ఆ పాత్రతో రెండు వారాలు ఆడేసరికి అన్న స్నేహితుడికి విసుగొచ్చింది.

“ఇన్ని పచ్చని సెట్లు నేనెప్పుడు సూసినా? మన నేలకు తగినట్ల ఒకటి రాయి సెల్లెమ్మా. గళ్ల కాగితం నీ సేతిలోనే ఉంటాది గదా,” అన్నాడు.

నేను రాయడం మొదలుపెట్టాను. పేరు నల్లరేగడి మనిషి. సుడిగాలిని పిలవగలడు. ఎక్కడ పాములున్నాయో అరికాళ్లతో తెలుసుకోగలడు. అన్నిటికంటే పెద్ద శక్తి, నేలను నెర్రెలు విచ్చేలా చేసి శత్రువును అందులోకి దించేయడం. ఇంత శక్తికి ఏదో ఒక కీడు కూడా ఉండాలని అన్న పట్టుబట్టాడు. నాకేమీ తోచలేదు.

ఆ వారంలోనే పెద్దకడుబూరులో మా మామ చేనుకు వెళ్లాను. నేలంతా పగుళ్లు. ఒక నెర్రెలోకి చిన్న రాయి వదిలి, శబ్దం కోసం వంగి విన్నాను. ఏమీ వినిపించలేదు. కంపలు ఏరుతున్న ముసలి కూలీ ఒకామె నా భుజం పట్టుకుని వెనక్కి లాగింది.

“దాంట్లో సెయ్యి పెట్టొద్దు పాపా. ఎండాకాలం ఈ నేల నోరు తెరుసుకోనుంటాది. ఏదో ఒకటి పడేదాంక మూసుకోదు.”

ఇంటికొచ్చి నియమం రాశాను. ఆరుసార్లు నల్లరేగడి మనిషి నేలను తెరవవచ్చు. ఏడోసారి నేల అతని వాళ్లలో ఒకరిని తీసుకుంటుంది. కాగితం కింద ఆరు గడులు గీశాను, వాడినప్పుడల్లా ఒకటి సిరాతో నింపడానికి.

అన్న స్నేహితుడికి ఆ పాత్ర బాగా నచ్చింది. గడులు త్వరగానే నిండాయి. ఆరోది నింపిన మధ్యాహ్నం వడగాలికి కిటికీ రెక్కలు కొట్టుకుంటున్నాయి.

“ఏడోతూరి ఎవరిని తీసుకుంటాది?” అని అడిగాడు.

“అది నేల ఇష్టం,” అన్నాడు అన్న.

అతను నవ్వలేదు. “వచ్చే ఆదివారం నేను రాను. మా నాయన బాయి లోతు సేపిస్తాండాడు,” అన్నాడు.

నాలుగు రోజుల తర్వాత అన్న ఎమ్మిగనూరుకు వచ్చి, నేను పనిచేసే చోట గడప బయటే నిలబడ్డాడు. “బాయి దరి ఇరిగి పడింది. వాళ్ల నాయన లోపలుండాడు,” అన్నాడు. మట్టి తీసి ఆయన శవాన్ని బయటికి తేవడానికి రెండు రోజులు పట్టింది.

ఒక కాగితానికీ ఒక బావికీ సంబంధం లేదని నాకు తెలుసు. అయినా ఆ కాగితాన్ని ఆదోని ఇంట్లో పెట్టె అడుగున దాచాను. డిజైను గీస్తూ ఆరో గడి దగ్గరికి వస్తే చెయ్యి ఆగిపోయేది. ఎవరికీ చెప్పుకోలేదు.

దసరా సెలవులకు అన్న వచ్చినప్పుడు అతనూ మా ఇంటికి వచ్చాడు. ఆ కాగితం ఉందా అని అడిగాడు. చించేశానని చెప్పాను. అతను నమ్మలేదు. లేచి వెళ్లి తీసుకొచ్చాను.

“దీంట్లో తప్పుంది సెల్లెమ్మా,” అన్నాడు చదివి. “నేల లెక్క పెట్టుకోదు. ముందే సెప్తాది. ఆ పొద్దున దరి నుంచి పెళ్లలు రాలినాయి. ఊట నీళ్లు బురదైనాయి. అది సూసి పనోళ్లంతా ఎక్కొచ్చినారు. మా నాయన ఇంగ నాలుగు తట్టలే అన్నాడు. నేను పైన నిలబడి రా నాయనా అని ఒకతూరి పిలిసినా. రెండోతూరి పిలవలేదు.”

నేను గడులు కొట్టేసి, కొత్త నియమం రాశాను. నేలను తెరిచిన ప్రతిసారీ ముందొక గుర్తు కనిపిస్తుంది. వెనక్కి వస్తే ప్రమాదం లేదు. ముందుకే పోతే పాచిక వేయాలి.

అప్పుడే ఆడదామన్నాడు అతను. అన్న మనసు లేకుండానే కథ మొదలుపెట్టాడు. ఎండిన చెరువు, నడుమ ఒక పెద్ద నెర్రె.

“నీ కాళ్ల కింద పెళ్ల రాలింది. వెనక్కి వస్తావా?”

“పెళ్ల సప్పుడు ఇన్నా. ఇంగా లోపలికి పోతాండా,” అన్నాడు అతను.

అన్న మళ్లీ అడిగాడు. మూడోసారి కూడా అడిగాడు. అదే జవాబు. పాచిక మాత్రం అతను ముట్టుకోలేదు, చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని కూర్చున్నాడు. అన్న పుస్తకం మూసేశాడు. మేము మళ్లీ ఆ ఆట ఆడలేదు.

తర్వాత అతను మిల్లు మానేసి చేను చూసుకోవడానికి ఆలూరు వెళ్లిపోయాడు. మరుసటి వేసవిలో బస్సులో కలిసిన వాళ్ల ఊరామె చెప్పింది, అదే బావిని అతను మళ్లీ లోతు చేయిస్తున్నాడని, పనివాళ్లతో పాటు తనూ దిగుతున్నాడని. దిగొద్దని ఒక కార్డు రాశాను. జవాబు రాలేదు.

వానలు పడ్డాక ఒకసారి ఆదోని బజారులో కనిపించాడు. బాగా చిక్కిపోయాడు, గోళ్లనిండా నల్లమట్టి. నీళ్లు పడ్డాయా అని అడిగాను.

“పడినాయి,” అన్నాడు. “ఇంగా కొంచెం దిగాల.”