డెర్, డీ, డాస్ ఊదిన పూట

జర్మనీలో నర్సు ఉద్యోగం కోసం ఆ భాష నేర్చుకుంటున్నాను. అందులో బల్ల మగ, తలుపు ఆడ, పసిబిడ్డ రెండూ కాదు; మాట ముందు వరసగా డెర్, డీ, డాస్ తగిలించాలి. ఎందుకో ఎవరూ చెప్పరు. జమ్మలమడుగు నుంచి పులివెందుల పోయే బస్సులో కళ్లు మూసుకుని "డెర్ టిష్, డీ ట్యూర్, డాస్ కిండ్" అని గొణుగుతున్నాను.

ముద్దనూరులో ఎక్కి పక్కన కూర్చున్నామె, జ్వరంతో కాలిపోతున్న పాపను నా వైపు తిప్పింది.

"మంత్రిస్తాండావు గదక్కా, నా బిడ్డకూ ఓ తూరి ఊదు."

"మంత్రం కాదమ్మా, జర్మన్ పాఠం."

"ఏదైతే ఏంది? ఆస్పత్రికే పోతాండాం. అంతవరకన్నా ఊదక్కా."

ఏ మాట పనిచేస్తుందో తోచక డెర్, డీ, డాస్ మూడూ చదివి పాప నుదుటి మీద ఊదాను. ఆమె కళ్లు మూసుకుని దండం పెట్టుకుంది.

ఇప్పటికీ క్లాసులో పసిబిడ్డ మాట వస్తే, "డాస్ కిండ్" అని తెలియకుండానే మెల్లగా ఊదుతాను. ఉచ్చారణ తప్పంటుంది మా మేడం.