మంచు సముద్రానికి నేను పెట్టిన కుంపటి

తుఫానులో పడవ పోగొట్టుకున్నవాళ్లు మా విశాఖలో ఉన్నారు. ఇంటి కప్పు పోగొట్టుకున్నవాళ్లూ ఉన్నారు. తుఫాను రాకపోయినందుకు పరువు పోగొట్టుకున్నవాణ్ని మాత్రం నేనొక్కణ్నే. అదీ ఎక్కడో ఉత్తర ధ్రువం పక్కన పుట్టాల్సిన తుఫాను! ఉక్కునగరం క్లబ్బు హాల్లో, ఆదివారం సాయంత్రం, ఇస్త్రీ చొక్కా వేసుకుని మరీ పోగొట్టుకున్నాను. నవ్వదలుచుకున్నవాళ్లు ఇప్పుడే సర్దుకుని కూర్చోండి, మధ్యలో ఆగి అవకాశమివ్వను.

ఎనభైల్లో మాట. ఉక్కు కర్మాగారం పునాదుల్లోంచి పైకి లేస్తోంది. రష్యా నుంచి నిపుణులొచ్చి క్వార్టర్లలో కాపురాలు పెట్టారు. వాళ్ల మాట మనకి, మన మాట వాళ్లకి చెప్పడానికి దుబాసీలు కావాల్సివచ్చారు. నేను సబ్బవరం రైతుబిడ్డను. మద్దిలపాలెంలో ఆర్నెల్లపాటు సాయంత్రాలు రష్యన్ నేర్చుకుని టెంపరరీ దుబాసీగా చేరాను. ఆర్నెల్ల చదువుకి ఆరేళ్లకి సరిపడా పొగరు పట్టింది. మా ఊళ్లో మా అమ్మ, "మావోడు నేకపోతే ఆ దొరలకి నోరే పెగల్దు" అని వీధివీధికీ చెప్పుకునేది. ఆ మాట ఎక్కువ నమ్మింది నేనే.

ఒకరోజు మా మేనేజరు పిలిచారు. కృష్ణాజిల్లా మనిషి, మాట కత్తిపీట.

"చూడవయ్యా సన్నిబాబూ. ఆదివారం క్లబ్బులో గెన్నాడీ గారి ఉపన్యాసం. ఆయన చెప్పింది చెప్పినట్టు తెలుగులో చెప్పావనుకో, సోమవారం నీ పర్మనెంటు కాగితం మీద సంతకం పెడతా. అటూ ఇటూ అయిందా, మీ నాన్నగారి అరక ఖాళీగానే ఉందిగా?"

"మీరు నిశ్చింతగా ఉండండి సార్, నేనున్నాను కదా!" అన్నాను. భయపడాల్సింది ఆ ముక్కకేనని పాపం ఆయనకి తెలియదు.

గెన్నాడీ గారు కొలిమి నిపుణుడు. కుర్రతనంలో తమ దేశానికి ఉత్తరాన, మంచు సముద్రపు రేవులో పనిచేశారు. ఇక్కడ ఎవరిని కదిపినా తుఫాను కబుర్లే చెబుతున్నారని ఆయనకీ ఉత్సాహం పుట్టింది. "మా దగ్గరా ఉన్నాయి, బుల్లి తుఫానులు. వాటి పుట్టుక చెబుతాను" అంటూ మొత్తం కాగితాల మీద రాసి, రెండు రోజుల ముందే నా చేతిలో పెట్టారు.

నిఘంటువు ఒళ్లో పెట్టుకుని చదివాను. "చలికాలంలో మంచుపలకల మీది నుంచి గడ్డకట్టించే గాలి, గడ్డకట్టని సముద్రం మీదికి జారుతుంది. సముద్రం వెచ్చగా ఉంటుంది..."

ఆగాను. ఏమిటీ? ధ్రువం దగ్గర సముద్రం వెచ్చగానా? మీరే చెప్పండి, మే నెలలో మనం బీచికి పోయేది చల్లదనానికా, వెచ్చదనానికా? గాలి వేడి, నీళ్లు చల్లన. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ నేను చూసింది అదే. పాపం పెద్దాయన, మన ఎండకి తల తిరిగి తారుమారుగా రాసేశారనుకున్నాను. అడిగితే నొచ్చుకుంటారేమోనని అడక్కుండానే దిద్దేశాను. అంతటి మర్యాదస్తుణ్ని నేను.

కాగితం దిద్ది ఊరుకున్నా బతికిపోయేవాణ్ని. చివర్లో ఆయన ఒక ప్రయోగం చేసి చూపిస్తానన్నారు. దానికి కావలసినవి: పళ్లెం నిండా వేడినీళ్లు, పక్కన మంచుదిమ్మ, దిమ్మ వెనక టేబుల్ ఫ్యాను. నేను అదీ దిద్దాను. పళ్లెంలో మంచు పోశాను, అది సముద్రం. పక్కన బొగ్గుల కుంపటి రాజేశాను, అది గాలి. కుంపటి వెనక ఫ్యాను పెట్టి, అన్నిటికీ అడ్డంగా తెర కట్టేశాను.

హాలు నిండిపోయింది. ముందు వరసలో మేనేజరు, తెల్లటి సఫారీలో. వెనక వరసలో మా అక్క మొగుడు, క్రేన్ ఆపరేటరు, షిఫ్టు దిగి నేరుగా వచ్చాడు. గెన్నాడీ గారు ఒక్కో వాక్యం చెబుతున్నారు, నేను దాన్ని తలకిందులు చేసి తెలుగులో వదులుతున్నాను. ఆయన "చల్లగాలి" అంటే నేను "వడగాలి" అన్నాను. ఆయన "వెచ్చటి నీళ్లు" అంటే నేను "మంచులాంటి నీళ్లు" అన్నాను. జనం తలలూపుతున్నారు. నాకు ఒళ్లు పొంగిపోయింది.

తెర తీశాను. గెన్నాడీ గారు పళ్లెం చూశారు, కుంపటి చూశారు, నన్ను చూశారు.

"సముద్రంలో మంచెందుకు పోశావు?" అని రష్యన్‌లో అడిగారు.

"కాసేపు ఓపిక పట్టమంటున్నారు" అని జనానికి చెప్పాను.

"ఆ నిప్పులెందుకు?"

"తుఫాను బయల్దేరిందంటున్నారు" అన్నాను. నాలుక ఆగలేదు.

వెనకనుంచి మా బావ గొంతు: "బామ్మర్దీ, ఎంతసేపట్లో వొత్తాదేటి? ఆఖరి బస్సు ఎల్లిపోద్ది!"

ఇక లాభం లేదని ఫ్యాను స్విచ్చి నొక్కాను.

తుఫాను రాలేదు. బూడిద వచ్చింది. కుంపట్లో ఉన్నదంతా లేచి ముందు వరస మీద పడింది. మేనేజరుగారి సఫారీ బూడిద రంగుకి తిరిగింది, ఒక రవ్వ మోకాలి మీద చిల్లు కూడా పెట్టింది. ఆయన లేచి గంతేశారు. అది కూడా ప్రయోగంలో భాగమనుకుని నలుగురైదుగురు చప్పట్లు కొట్టారు. నాకు భూమిలోకి కూరుకుపోవాలనిపించింది.

సరిగ్గా అప్పుడే క్యాంటీన్ పైడమ్మ టీనీళ్ల గిన్నె పట్టుకుని వచ్చింది. గాజువాక వైపు మనిషి, క్యాంటీన్లో టీ ఆమెదే.

"ఓలమ్మా, ఏటిది సన్నిబాబూ? ఏటి సేత్తన్నావు?"

"తుపాను సేత్తన్నానత్తా" అన్నాను, ఏడుపు దిగమింగుకుంటూ.

"ఐసు మీద ఆవిరెక్కణ్నుంచి లేత్తాది? ఎప్పుడైనా పొయ్యికాడికొచ్చి సూసినావా? నీలు ఎచ్చగుండాల, గాలి సల్లగుండాల. సలికాలం తెల్లారగట్ల నాను టీనీలు దింపితే గిన్నిమీద పొగ గిర్రున తిరగతాది, సూడనేదా?"

నా జవాబు కోసం ఆగలేదు. మంచు తీసి పళ్లెం పక్కన బల్ల మీద పేర్చింది. పళ్లెంలో మరిగే టీనీళ్లు పోసింది. ఫ్యాను తెచ్చి మంచు వెనక పెట్టింది. చల్లగాలి నీళ్ల మీదికి పోవడమే తడవు, ఆవిరి గుప్పున లేచి, ఒక్క క్షణం గిర్రున సుడి తిరిగింది. హాలంతా "ఓ..." అంది.

"అదే! అదే!" అని గెన్నాడీ గారు రష్యన్‌లో అరిచారు. ఆ రెండు మాటల్నీ నేను దిద్దకుండా తెలుగులో చెప్పాను.

"బాగుంది గానీ, టీనీలు సల్లారిపోతన్నాయి" అంటూ పైడమ్మ పళ్లెం మీద మూతేసేసింది. సుడి చటుక్కున చచ్చిపోయింది. గెన్నాడీ గారు ఆవిడకి రెండు చేతులూ ఎత్తి దండం పెట్టారు. ఎందుకంటే నా చేతిలో తెలుగులో చెప్పకుండా మిగిలిపోయిన ఆఖరి కాగితంలో ఉన్నది అదే: "ఈ బుల్లి తుఫాను నేల మీదికి ఎక్కిందా, కిందనుంచి సముద్రపు వేడి అందదు. అక్కడితో దాని ఆయువు తీరిపోతుంది."

మేనేజరు బూడిద దులుపుకుంటూ నా దగ్గరికొచ్చారు.

"ఆయన రాసిచ్చిందేమిటి?"

"చల్లగాలి, వెచ్చటి సముద్రం సార్."

"ధ్రువం దగ్గర నీళ్లు వెచ్చగా ఎందుకుంటాయో రాయలేదా?"

"రాశారు సార్. నీళ్లు చల్లనివేనట. గాలి వాటికంటే మరీ చల్లన కాబట్టి, గాలి లెక్కన అవి వెచ్చనివట."

"మరి నువ్వెందుకు మార్చావు?"

"తప్పు రాశారనుకున్నాను సార్."

"ఆహా! ఉత్తరానికి నువ్వు ఎందాకా వెళ్లావు?"

"ఇచ్ఛాపురం సార్. పెళ్లికి."

ఆయన సఫారీ చిల్లులో వేలు పెట్టి చూసుకుంటూ బయటికి నడిచారు. తిట్టి ఉంటే బాగుండేది.

సోమవారం తలవంచుకుని ఆయన గదికి వెళ్లాను. మా అమ్మకి ఏం చెప్పాలో దారిపొడవునా కూడబలుక్కుంటూనే ఉన్నాను. బల్ల మీద నా పర్మనెంటు కాగితం ఉంది. సంతకం కూడా ఉంది! కళ్లనీళ్లు తిరిగాయి.

"నన్ను క్షమించారా సార్?"

"నేనా? నిన్నా? గెన్నాడీ గారు పొద్దున్నే వచ్చి, దుబాసీగా ఆ టీ ఆవిడే కావాలన్నారు. రష్యన్ ముక్క రాకపోయినా ఆయన మనసులో మాట నీకంటే ఆవిడే బాగా చెప్పిందట. పిలిచి అడిగాను. ఆవిడ వద్దంది."

"ఎందుకొద్దంది సార్?"

"'ఒకలు సెప్పింది ఇంకొకలికి సెప్పడానికి జీతవేటి బాబూ? నాకు బోలెడు పనుంది, ఆ పనీపాటా నేని గుంటడికే ఇచ్చీండి' అంది. అందుకని నీకిచ్చాను. తీసుకుని అవతలికి పో."

అలా పైడమ్మ వద్దన్న ఉద్యోగంలో నేను పర్మనెంటు అయ్యాను. ఆ కాగితం పట్టుకుని, సింహాద్రి అప్పన్న సాక్షిగా, అక్కడే ఒట్టు పెట్టుకున్నాను: ఇకమీదట ఏ దొరైనా ధ్రువంలో ఉక్కపోస్తోందని చెబితే, నుదుటి చెమట తుడుచుకుంటూ తెలుగులో అదే చెబుతాను గానీ, చచ్చినా దిద్దను.