సముద్రపు దొంగకి క్షమాభిక్ష

ఎవరినైనా నలుగురిలో అబద్ధాలకోరు అన్నారా మీరు? నేనన్నాను. మా అన్నయ్యనే.

మన కడియం వైపు టూరింగ్ టాకీసులు గుర్తున్నాయా? ఇసకలో కూర్చుంటే పక్కవాళ్ళ వేరుశనగ తొక్కలు మన ఒళ్ళో పడేవి. ఇంగ్లీషు సినిమా వస్తే అన్నయ్య తెర పక్కన నిలబడి తెలుగులో కథ చెప్పేవాడు. ఆ వారం సముద్రపు దొంగ సినిమా. యుద్ధంలో ఆ దొంగే పట్నాన్ని కాపాడి, ఓడెక్కి వెళ్ళిపోతున్నాడు. అక్కడ రీలు తెగి, తెర తెల్లబడింది. ఇక ఆ రాత్రి ఆట సాగలేదు.

"రాజుగారు క్షమించేశారండి! వెనక్కి పిలిచారండి!" అన్నాడు అన్నయ్య.

"అబద్ధం! వెళ్ళిపోయాడు, నేను చూశాను!" అని అరిచాను.

"ఏంటయ్యా, కథ చెప్పేది నువ్వా, మీ తమ్ముడా?" అని జనం గోల చేశారు. అన్నయ్య మళ్ళీ తెర పక్కన నిలబడలేదు. నేను చర్చిలో వాక్యం చెప్పడం మొదలుపెట్టాక, అబద్ధానికి ఉదాహరణగా ఈ సంగతే చెప్పేవాణ్ణి. ఆయన వెనక వరసలో తల దించుకుని వినేవాడు.

నిన్న మనవడి ఫోన్లో ఆ సినిమా చివరిదాకా చూశాను. రాజు క్షమించాడు. ఓడ వెనక్కి వచ్చింది.

"ముందే రాజమండ్రి వెళ్ళి చూసొచ్చారండి ఆయన. మీరు అడిగితేగా!" అంది వదిన, నేను వెళ్ళి చెబితే.

అన్నయ్య పోయి రెండేళ్ళు.

కానుక బలిపీఠం దగ్గరే వదిలేసి ముందు సహోదరుడితో సమాధానపడమంటుంది లేఖనం. ఊరందరికీ చెప్పాను, నేను చెయ్యలేదు. మీవాళ్ళు బతికున్నారా? ఇక్కడ కామెంట్లో ఆమెన్ అని పెట్టకండి. లేచి చెప్పులేసుకోండి. ఈరోజే వెళ్ళి కాళ్ళు పట్టుకోండి!