గడి దాటిన చెవి

ఆ ఉదయం ఉదయగిరిలో మా వాకిట్లో నీళ్లు చల్లి, రాగులు చెరుగుతున్నాను. కోడలు పొయ్యి రాజేస్తోంది. ఆత్మకూరు నుంచి బండి తోలుకొచ్చిన చిన్నతమ్ముడు ఎడ్లను విప్పకుండానే చెప్పాడు, పెద్దతమ్ముడు నిన్న పొద్దున ప్రభువు దగ్గరికి వెళ్లిపోయాడని. చాట పక్కన పెట్టి, ప్రార్థన చేసుకుని బండెక్కాను.

ఆ పోయిన తమ్ముడు ఆత్మకూరు ప్రార్థన గదిలో పిల్లలకు బొమ్మను పెద్దది చేయడం నేర్పేవాడు. అరచేయంత కాగితపు అచ్చుబొమ్మ మీద గళ్లు. గోడంత గుడ్డ మీద, బొగ్గుపొడి పూసిన దారంతో కొట్టిన అన్నే గళ్లు. గీసే గడి తప్ప అచ్చుబొమ్మలో మిగతాదంతా కాగితంతో కప్పేసేవాడు. బొమ్మ పూర్తయ్యాక గుడ్డ మీది గళ్లు దులిపేసేవాడు.

"గొర్రెను గీయబాకండి. గడిలో ఉండేది గీయండి" అనేవాడు. సంగటి ముద్దను కూడా నాలుగు గళ్లు చేసుకుని తింటాడని మరదలు ఎగతాళి చేసేది.

కరువుకు ముందు ఒకసారి, మంచి కాపరి బొమ్మలో అతని కూతురు గొర్రెకు వేలాడే చెవి గీసింది. అచ్చులోది పొట్టి చెవి. ఆ పిల్ల చూసిన గొర్రెలు మా మందలోవే, అన్నిటికీ వేలాడే చెవులే. తమ్ముడు అందరి ముందూ కసిరి, తడిగుడ్డతో తుడిపించాడు. పిల్ల మళ్లీ బొగ్గు పట్టలేదు. పిల్లతో మాట్లాడమని నేనంటే, "గీత తప్పితే దిద్దొచ్చు అక్కా, మాటనెట్ట దిద్దేది?" అన్నాడు. కరువులో మంద పోయింది, ఆ మాట మిగిలింది. దిద్దకుండానే పోయాడేమోనన్న దిగులుతోనే దారంతా కూర్చున్నాను.

మర్నాడు నేను చేరేసరికి మట్టి చేసేశారు. ఇంట్లో గోడకు మంచి కాపరి బొమ్మ గుడ్డ వేలాడుతోంది. గళ్లన్నీ నిండి, ఒక్క గడి ఖాళీ. ఆ చెవి గీసిన మేనకోడలే అచ్చుబొమ్మ తెచ్చి, ఆ గడి తప్ప మిగతాది కప్పి చూసింది. మళ్లీ గుడ్డ వంక చూసింది.

"పెద్దత్తా, చెవి కలవడం లా."

అచ్చులో చెవి పై గడిలోనే ముగుస్తుంది. గుడ్డ మీద, వణికిన గీతతో, కిందికి జారి ఖాళీ గడి అంచున ఆగింది. మంచాన పడ్డాక తమ్ముడు గీసింది ఆ ఒక్కటేనని మరదలు చెప్పింది. మిగతాది ఎవరిచేతనైనా పూర్తి చేయిద్దామంటే, "అది అమ్మాయిది" అన్నాడట.

మేనకోడలు ఆ గీతను వేలితో తాకింది. "మన గొర్రే, అత్తా" అంది. నా గుండె తేలికపడింది. దేవునికి స్తోత్రం చెప్పుకున్నాను.

ఆ సాయంత్రం అందరం కూర్చుని అనుకున్నాం: ఆ గడి అమ్మాయే నింపాలి, చెవి మన గొర్రె చెవంత ఉండాలి. చివర బొగ్గు గళ్లన్నీ దులిపేటప్పుడు, చెవి దాటే ఆ ఒక్క గడి గీతలు మాత్రం అట్లాగే వదిలేయాలి.