మూత తీయని మందుల డబ్బా

నా చిన్నప్పుడు మా ఇంట్లో బోసిగా ఉన్న డబ్బా ఒక్కటీ కనిపించేది కాదు. కారేపల్లి నుంచి అడవి దారి పట్టాక వచ్చే ఊరు మాది. పక్కింట్లో రేకుపని చేసే సాయిబు తాత పాత నూనె డబ్బాల రేకుతో చేసి ఇచ్చిన డబ్బాలకు మా నాయనమ్మ మైదాపిండి ఉడికించి పట్టుచీరల అంచులూ అద్దం బిళ్లలూ అంటించేది. మూత మీద మాత్రం పెళ్లి శుభలేఖల్లోంచి కత్తిరించిన సీతారాముల బొమ్మ ఉండాల్సిందే. పప్పులకూ, సూదీదారాలకూ, మందుబిళ్లలకూ అవే డబ్బాలు. ఊరి ఆడవాళ్లు పని గట్టుకుని చూసి వెళ్లేవారు. అవి అందంగా ఉండేవన్న మాట నేను ఇప్పటికీ కాదనను.

కాని బొమ్మ అంటుకున్నాక అది డబ్బా కాదు, గుడి. స్నానం చేయనివాళ్లు ముట్టకూడదు. నెలసరిలో ఉన్నవాళ్ల నీడ కూడా దాని మీద పడకూడదు. కందిపప్పుకు కూడా మడి పెట్టిన ఇల్లు మాది.

నాకు ఎనిమిదేళ్లప్పుడు మూడేళ్ల తమ్ముడికి చలిజ్వరం వచ్చింది. మలేరియా సారు వేలు గుచ్చి రక్తం చుక్క తీసుకుని, మూడు రోజులకు సరిపడా మాత్రలిచ్చి వెళ్లాడు. మొదటి రోజు మాత్ర నాయనమ్మే వేసింది. మర్నాడు పొద్దున్నే ఆమె పర్ణశాలకు వెళ్లింది, మనవడికి నయం కావాలని మొక్కుకోవడానికే. నాన్న మిరపకాయలతో ఖమ్మం పోయి ఉన్నాడు. ఆమె బండి ఊరు దాటిందో లేదో అమ్మ బయట చేరింది.

మధ్యాహ్నానికి తమ్ముడి ఒళ్లు పెనంలా కాలింది. మాత్రలు లోపలి గది గూట్లో ఉన్న బొమ్మ డబ్బాలో, అమ్మ కూర్చున్న అరుగుకు పది అడుగుల దూరంలో ఉన్నాయి. అమ్మ ఒకసారి లేచి గడప దాకా వెళ్లి, పాదం లోపల పెట్టబోయి వెనక్కి వచ్చింది. తమ్ముణ్ణి మళ్లీ ఒళ్లోకి తీసుకుని నాతో, "నెత్తి మీద నీళ్లు పోసుకుని నువ్వు తియ్యి బిడ్డా" అంది.

పోసుకున్నాను. తడిబట్టలతో వెళ్లి గూటి ముందు నిలబడ్డాను. డబ్బా నా చేతికి అందే ఎత్తులోనే ఉంది. కాని అంతకు ముందు దాకా అమ్మ కొంగు పట్టుకుని కూర్చున్నదాన్ని. ఒక్క చెంబు నీళ్లతో ఆ మైల పోయిందో లేదో నాకేం తెలుసు? పోకపోతే రాముడికి కోపం వస్తుంది. ఆ కోపం నా మీద పడితే ఓర్చుకునేదాన్నే. జ్వరంతో ఉన్న తమ్ముడి మీద పడితే? చెయ్యి లేవలేదు. బయట అమ్మ పిలుస్తూనే ఉంది. లోపల నేను ఏడుస్తూనే ఉన్నాను. ఎంతసేపు అలా గడిచిందో చెప్పలేను. అరుగు మీది ఎండ మాత్రం వాకిట్లోకి దిగిపోయింది.

ఏడుపు విని సాయిబు తాత వచ్చాడు. అమ్మ చెప్పిందంతా విన్నాడు. "చిచ్చా, నువ్వు గూడ మూత ముట్టొద్దు. మా అత్తకు తెలిస్తే నన్ను ఉండనియ్యది" అని అమ్మ బతిమాలింది.

"మూత జోలికి నేనెందుకు పోత బిడ్డా? మూత మీ అత్తది. అడుగు అతికింది నేను. నా పని నేను ఇప్పుకుంట" అన్నాడాయన.

ఇంటికెళ్లి పట్టకారు, కత్తెర తెచ్చుకున్నాడు. డబ్బాను పట్టకారుతో కింది అంచు దగ్గర పట్టి దించి, రెండు ఎత్తుపీటలను కాస్త ఎడంగా వేసి వాటి అంచుల మీద నిలబెట్టాడు. బొమ్మ తలకిందులు కాకూడదని నేల మీద పక్కకు వాలి, కింది నుంచి అడుగు రేకు కోశాడు. మాత్రలు ఆయన అరచేతిలో రాలాయి. ఆయన వేలికి రేకు గీసుకుపోయి నెత్తురు వచ్చింది. "గిట్లాంటియి రోజూ అయితయి" అని నోట్లో పెట్టుకున్నాడు.

మాత్ర వేశాం. తమ్ముడు కక్కేశాడు. మళ్లీ వేశాం, మళ్లీ కక్కాడు. సాయంత్రానికి ఫిట్స్ వచ్చాయి. సాయిబు తాతే బండి కట్టించి దవాఖానాకు తీసుకుపోయాడు. అమ్మ వాడిని ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. బండిలో మడి సంగతి ఎవరూ ఎత్తలేదు.

వాడు బతికాడు. కుడి చెవికి వినికిడి మాత్రం పోయింది. ఆ మధ్యాహ్నం ఆలస్యం వల్లే పోయిందా అంటే నేను చెప్పలేను. దవాఖానా డాక్టరూ చెప్పలేకపోయాడు. ఆధారం లేని మాట నేను ఎవరి దగ్గరా ఒప్పుకోను, నా దుఃఖం దగ్గర కూడా.

తిరిగొచ్చిన నాయనమ్మ డబ్బా మీద పసుపునీళ్లు చల్లి, "రాముడే ఆ సాయిబు చేత తీయించిండు" అంది. ఆయన నవ్వి, "అవ్, అవ్వా. మల్ల అడుగు అతకాల్నా?" అని అడిగాడు. అతికించుకుంది. ఇంట్లో ఒక్క నియమం కూడా మారలేదు.

తర్వాత నేను దేవుళ్ల మీదా మైలల మీదా ఎన్నో సభల్లో గొంతు చించుకున్నాను. గెలిచిన వాదాలూ ఉన్నాయి. కాని ఆ రోజు ఆయన స్థానంలో నేనుంటే వాదానికి దిగి ఉండేదాన్ని. అమ్మ నోరు మూయించి ఉండేదాన్నేమో, ఈలోపు పొద్దు ఇంకాస్త దిగేది. మా భయం అబద్ధమని ఆయనకు తెలియదా? తెలిసినా ఆ పూట దాన్ని పక్కన పెట్టి పని చూశాడు. అందుకే మూఢనమ్మకాన్ని ఎంత తిట్టినా, భయంతో చెయ్యి లేవనివాళ్లను చూసి మాత్రం నేను నవ్వలేను.

తమ్ముడికి ఇప్పుడు మనవలున్నారు. మేం కలిసినప్పుడల్లా వాడికి ఎడమ పక్కన కూర్చుని మాట్లాడతాను. ఎందుకలా కూర్చుంటానో వాడెప్పుడూ అడగలేదు.