ఒకే ఓడకు రెండు కొలతలు

1978 మే నెల. హన్మకొండ చౌరస్తా దగ్గర ఒక మందుల దుకాణం పై అంతస్తులో మా బీమా బ్రాంచి ఉండేది. అందులో నేను మెరైన్ గుమస్తాను. సముద్రం చూడాలంటే రైలెక్కాల్సిన ఊరిలో మెరైన్ గుమస్తా ఏమిటని స్నేహితులు ఎగతాళి చేసేవారు. బీమా భాషలో మెరైన్ అంటే ప్రయాణంలో ఉన్న సరుకు. తొర్రూరులో లారీ ఎక్కిన పత్తి బేలైనా, స్టేషన్ ఘన్‌పూర్‌లో రైలెక్కిన బస్తా అయినా నా బల్ల మీదికే వచ్చేవి. నిజంగా ఓడ పేరు రాసిన పాలసీ ఏడాదికి ఒకటో రెండో. అలాంటిది వచ్చిన రోజు నాకు పండుగ. కార్బన్ కాగితం మసి అంటిన వేళ్ళు చొక్కాకు తుడుచుకుని, బీరువాలోంచి ఓడల రిజిస్టరు రెండు చేతులతో ఎత్తి తెచ్చుకునేవాణ్ణి. ఆ పుస్తకం బరువు నా చేతులకు ఇప్పటికీ గుర్తుంది.

దాని గురించి కొంచెం చెప్పాలి. వాణిజ్య నౌకల పేర్లు అందులో అక్షరక్రమంలో ఉంటాయి. ముందు ఓడ రకం. నూనె మోసేది ట్యాంకరు, ధాన్యమో ఖనిజమో గుట్టగా పోసుకునేది బల్క్ క్యారియరు, పెట్టెలూ బేళ్ళూ ఎక్కించుకునేది జనరల్ కార్గో. తర్వాత క్లాస్. క్లాసిఫికేషన్ సొసైటీలని సంస్థలున్నాయి. వాటి సర్వేయర్లు ఓడ ఇనుమునూ యంత్రాలనూ నిర్ణీత కాలానికోసారి పరీక్షించి, సముద్రానికి పనికొస్తుందని ఇచ్చే యోగ్యతే క్లాస్. అది లేని ఓడలో సరుకుకు మామూలు షరతుల మీద బీమా దొరకదు. ఆ తర్వాత టన్నులు. చాలామంది పొరబడేది ఇక్కడే. గ్రాస్ టన్ను బరువు కాదు, ఓడ లోపల మూసి ఉన్న జాగా. నూరు ఘనపుటడుగులు ఒక టన్ను. అందులోంచి ఇంజను గది, సిబ్బంది గదులు తీసేస్తే నెట్ టన్నులు. ఓడ మోయగల బరువు వేరే లెక్క, దాన్ని డెడ్‌వెయిట్ అంటారు. ఇదంతా నాకు కంఠతా వచ్చు. వచ్చని గర్వం కూడా ఉండేది.

ఆ రోజు పదకొండు గంటలకు సాంబయ్య వచ్చాడు. కొత్తవాడలో జంపఖానాలు నేసేవాళ్ళ సంఘానికి ఆయన కార్యదర్శి. అరవై దాటిన మనిషి, గోళ్ళ సందుల్లో ఎర్ర రంగు ఎన్నడూ పోయేది కాదు. నలభై మగ్గాల సంఘం అది. అంతవరకూ వాళ్ళ నేత బొంబాయి దళారుల పేరు మీద విదేశాలకు పోయేది. మొదటిసారి జర్మనీ వ్యాపారి ఒకడు నేరుగా సంఘం పేరు మీద ఆర్డరిచ్చాడు. సరుకు మద్రాసులో ఓడ ఎక్కాలి. ఆ ఓడ తప్పితే ఆర్డరు పోయినట్టే, మళ్ళీ దళారి గడపే గతి. లారీ ఆ సాయంత్రం కదిలితే గాని ఓడ అందదు. బీమా కాగితం చేతికి రానిదే గోదాం తాళం తీయవద్దని సంఘం తీర్మానం.

“పొద్దుగాలనే రావొద్దా పెద్దయ్యా? ఇంత ఆలస్యమేంది?” అన్నాను.

“వర్జ్యం ఉండె సారూ. అది దాటినంక బయలెల్లిన.”

నాకు ఒళ్ళు మండింది. గడియారంలో ఒక గంటన్నరను ఎవరో చెడ్డదని ప్రకటిస్తే, నలభై మగ్గాల బతుకు అది దాటేదాకా అరుగు మీద కూర్చోవాలా? అదే మాట ఆయన ముఖాన అనేశాను. ఓడ తిథీ వారం చూసి లంగరెత్తదని కూడా అన్నాను. సాంబయ్య నవ్వాడు.

“తిట్టుండ్రి సారూ, తిట్టుకుంటనే జర కాయితం చెయ్యుండ్రి.”

మద్రాసు ఏజెంటు పంపిన ఉత్తరం విప్పాను. ఓడ పేరు, కట్టిన సంవత్సరం, జనరల్ కార్గో, క్లాస్ ఉంది, గ్రాస్ టన్నులు ఆరువేల నాలుగు వందల చిల్లర. రిజిస్టరు తెరిచాను. అదే పేరు, అదే సంవత్సరం. గ్రాస్ టన్నులు మాత్రం తొమ్మిదివేల రెండు వందల చిల్లర.

ఆ కాలంలో మంచి ఓడల పేర్లు తగిలించుకుని, సరుకెక్కించుకుని మాయమయ్యే దొంగ ఓడల గురించి మాకు హెచ్చరికలు వస్తుండేవి. దొంగను పట్టేశానని నా గుండె ఉప్పొంగింది.

“పెద్దయ్యా, ఇది ఆ ఓడ కాదు. నేను సంతకం పెట్టను.”

“ఎట్ల జెప్తరు సారూ?”

గ్రాస్ టన్ను మీద ఆయనకు ఒక ఉపన్యాసమే ఇచ్చాను. “ఇనుప ఓడ ముడుచుకోదు, సాగదు. లోపలి జాగా తొమ్మిది వేలంటే ఎప్పటికీ తొమ్మిది వేలే. ఆరు వేలున్నదంటే అది వేరే ఓడ. ఇది నమ్మకం కాదు, లెక్క” అని ముగించాను.

మేనేజరు ఊళ్ళో లేడు. నా మాటే ఆఖరు. సాంబయ్య బెంచి మీద కూలబడ్డాడు. నేను భోజనం చేసి వచ్చినా అక్కడే ఉన్నాడు. మూడింటికి సంఘం మనిషొకడు వచ్చి, గోదాం ముందు లారీవాడు తొందర చేస్తున్నాడని చెప్పిపోయాడు.

“వేరే ఓడకు రాయించుకోండ్రి” అన్నాను.

“నెల దాక ఇంకో ఓడ లేదట. గప్పటికి ఆర్డరు గడువే ఉండదు.” ఆయన గోడ గడియారం వైపు చూశాడు. తర్వాత అన్నాడు. “నా వర్జ్యం గంటన్నరల పోయింది సారూ. మీ వర్జ్యం పొద్దు వాలుతున్నా పోతలేదు.”

పక్క బల్ల టైపిస్టు ఫక్కున నవ్వాడు. నాకు చెవులు వేడెక్కాయి.

“నాది వర్జ్యం కాదు. అచ్చేసిన లెక్క!”

“అచ్చేస్తె అయిపాయెనా? పంచాంగం గూడ అచ్చేసిందే గద.”

హేతువాద సభల వేదికల మీద ఎంతోమంది శాస్త్రులతో వాదించినవాణ్ణి. ఆ మాటకు మాత్రం రిజిస్టరును నా వైపు లాక్కోవడమే చేయగలిగాను. సాంబయ్య లేచి బల్ల దగ్గరికి వచ్చాడు.

“గా ఉత్తరంల ఓడ పొడుగు రాసిండ్రా? పన్నా రాసిండ్రా?”

పన్నా అంటే బట్ట వెడల్పు. రాశారన్నాను.

“మరి పుస్తకంల? మా తాన ఒక జంపఖానా మాదా కాదా అని తకరారొస్తే తూకం జూడం సారూ. తడిస్తె పెరుగుతది, ఆరితె తగ్గుతది. పొడుగు, పన్నా పట్టి జూస్తం.”

చూశాను. పొడవు కలిసింది. వెడల్పు కలిసింది. కట్టిన రేవు, ఇంజను తయారీ, అన్నీ కలిశాయి. అవన్నీ పొద్దుటి నుంచీ అదే వరుసలో, నా కళ్ళ ముందే ఉన్నాయి. నా వాదన గెలిచే గడి ఒక్కటే చూసి నేను మిగతావి చదవడం మానేశాను.

వెంటనే మద్రాసుకు ట్రంకాల్ బుక్ చేశాను. ముప్పావు గంటకు లైను కలిసింది. మా కంపెనీ సలహా అడిగే ముసలి సర్వేయరు ఫోన్లోనే గట్టిగా నవ్వాడు. “అది షెల్టర్ డెక్ ఓడ నాయనా! ఓపెన్‌గా కొలిస్తే ఆరు వేలు, క్లోజ్డ్‌గా కొలిస్తే తొమ్మిది వేలు. నీ రిజిస్టరు ఏ ఏడాదిది?”

“మూడేళ్ళ కిందటిది.”

“అప్పుడు మూసి నడిపారు, ఇప్పుడు తెరిచి నడుపుతున్నారు. పోయిన నెలే ఎక్కి చూశాను. భేషైన ఓడ.”

ఆయన చెప్పింది ఇది. పై డెక్కు కింద ఓడ పొడవునా ఒక అంతస్తు ఉంటుంది. పైకప్పులో ఒక చిన్న ద్వారం వదిలి, దాన్ని శాశ్వతంగా బిగించకుండా చెక్కలతో మాత్రమే మూస్తే, చట్టం దృష్టిలో ఆ అంతస్తు ఆరుబయటే. టన్నుల్లోకి రాదు. సరుకు మాత్రం అందులోనూ పెట్టుకోవచ్చు. రేవు రుసుములు టన్నుల మీద వేస్తారు గనుక యజమానికి లాభం. బదులుగా ఓడను తక్కువ లోతు మునిగేలాగే నింపాలి. ఎక్కువ బరువు కావాలంటే ద్వారం బిగించి పెద్ద కొలత ఒప్పుకోవాలి.

చుట్టూ ఇనుప గోడలున్న జాగాను ఆరుబయట అనడమా? నాకు మింగుడుపడలేదు. సాంబయ్యకు సగం చెప్పేసరికే ఆయన తొడ చరిచాడు.

“మా మగ్గాలేసే పంచలు, గా సాయబాన్లు గంతే గద సారూ! మూడు దిక్కుల గోడ, నాలుగో దిక్కు తడక. గోడ లేపితె ఇంటి అర్ర కింద లెక్కగట్టి మునిసిపాలిటోళ్ళు పన్ను ఏస్తరు. తడకుంటె సాయబానే. మగ్గం మాత్రం నడుస్తనే ఉంటది. ఓడలోళ్ళు గూడ మా కొత్తవాడోళ్ళే!”

నాలుగున్నరకు సంతకం పెట్టాను. ఆ కాగితం ఆయన చేతికిచ్చి ఊరుకోలేక, సైకిలు మీద గోదాం దాకా వెళ్ళాను. గోనెపట్టా కుట్టిన బేళ్ళు ఒక్కొక్కటే లారీ ఎక్కాయి. కొత్త నూలు వాసన, రంగు వాసన, ఎండకు కాగిన వీధి. నేసిన ఆడవాళ్ళు తమ బేలు ఏదో గుర్తుపట్టి ఒకరికొకరు చూపించుకుంటున్నారు. లారీ మలుపు తిరిగేదాకా ఎవరూ లోపలికి పోలేదు. సరుకు ఓడను అందుకుంది. మరుసటి ఏడు కూడా సంఘం పేరు మీదే ఆర్డరొచ్చింది.

1982 నుంచి ఓడల కొలతకు కొత్త అంతర్జాతీయ పద్ధతి అమల్లోకి వచ్చింది. కొత్తగా కట్టే ఓడల్లో మూసిన జాగా అంతా లెక్కలోకి వచ్చి, ఆ ద్వారం కిటుకుకు కాలం చెల్లింది. నేను కూడా తర్వాత హైదరాబాదుకు మారాను.

ఆనాడు లారీ వెళ్ళిన తర్వాతి ఆదివారం మా హేతువాద మిత్రుల సభలో వక్తను నేనే. జాతకాల మీద మాట్లాడాల్సింది. దాన్ని పక్కనపెట్టి ఈ సంగతి చెప్పాను. “ఇట్లా చెప్తే మనల్ని వెక్కిరించరా?” అని ఒక మిత్రుడు నొచ్చుకున్నాడు. వెక్కిరించనివ్వండి అన్నాను. వర్జ్యం ఇప్పటికీ నాకు బూటకమే, ఆ మాట సాంబయ్యకూ ఎన్నోసార్లు చెప్పాను. అయితే అంకె కనబడగానే ఆలోచన ఆపేయడం కూడా బూటకమే. ఎవరు కొలిచారు, ఎప్పుడు కొలిచారు, కొలిచేటప్పుడు ఏం వదిలేశారు అని అడగనివాడు ఏ పుస్తకాన్ని పట్టుకున్నా ఒకటే.

సరే అనే ముందు నలుగురిని అడగాలని మాకు ఉద్యోగంలో చేరిన మొదటి వారమే నేర్పారు. కాదనే ముందు కూడా అడగాలని ఎవరూ నేర్పలేదు. బల్ల ఇవతల కూర్చున్నవాడికి కాదనడం చాలా సులువు, చాలా భద్రం. ఆ తర్వాత పదవీ విరమణ దాకా ఎవరికి కాదు అని రాయాల్సి వచ్చినా, కలం మూత తీసే ముందు ఎదుటి మనిషిని కూర్చోబెట్టి అడిగేవాణ్ణి. “నేను చూడనిది ఏమన్నా ఉన్నదా? చెప్పండి.”