ఆపితే లేవదేమో

కళ్లజోళ్లకు అద్దాలు అరగదీసే ఆ కార్ఖానాలో సర్వర్ చూసుకునే ఆయన్ని అందరూ ‘రీస్టార్ట్ బాబాయి’ అంటారు. ఆయన చేరిన కొత్తలో ఒకసారి సర్వర్ ఆపితే రెండు రోజులు లేవలేదు. ఆ రెండు రోజులూ ముప్ఫైమంది చేతులు ముడుచుకుని ఆయన మొహమే చూశారు. అప్పటినుంచి దాన్ని నడిపే లినక్స్‌కు ఎన్ని అప్‌గ్రేడ్లు వేసినా సర్వర్‌ను మాత్రం ఆపేవాడు కాదు. అందులో నడిచే సర్వీసులను ఒక్కొక్కటిగా రీస్టార్ట్ చేసి, అయిందనిపించేవాడు.

ఆ మంగళవారం పొద్దున్నే పెద్ద అప్‌గ్రేడ్ పడింది. ఇంకా పాత ఫైళ్లనే పట్టుకుని వేలాడుతున్న సర్వీసులు పంతొమ్మిదని జాబితా వచ్చింది. చొక్కా చేతులు మడిచి మొదలుపెట్టాడు. ప్రింటర్ సర్వీసును లేపితే ఆర్డరు చీటీలు రెండేసి వచ్చాయి. డేటాబేస్‌ను లేపితే దాన్ని నమ్ముకున్న ఆర్డర్ల సర్వీసు పడుకుంది. దాన్ని లేపేసరికి అరగదీసే యంత్రాలు మొండికేశాయి.

ఫోర్‌మన్ వచ్చి గుమ్మంలో నిలబడింది. “బాబాయ్, ఇది నాలుగోసారి ఆగడం. ఎడమ కంటి అద్దం అయింది, కుడిది మిగిలింది. మనిషికి ఒక్క కన్నే చాలనమంటావా?”

“ఇంకొక్క అయిదు నిమిషాలమ్మా!”

“పొద్దుట్నుంచీ అదే అయిదు నిమిషాలు. మొత్తం ఒక్కసారే ఆపి లేపితే పోయేదేంటి?”

“లేవకపోతే? నువ్వొచ్చి లేపుతావా?” అని కసిరాడు.

పదకొండింటికి ఒక్క సర్వీసే మిగిలింది. మిగతావన్నీ దాని ద్వారానే మాట్లాడుకుంటాయి. పళ్లు బిగబట్టి దాన్నీ రీస్టార్ట్ చేశాడు. అది ముందు ఆయన్నే బయటికి గెంటేసింది. పావుగంట తంటాలు పడి మళ్లీ లాగిన్ అయితే తెర మీద ఇంకో ముక్క: నడుస్తున్న కెర్నెల్ పాతదే, రీబూట్ చేయాలి. అన్నిటికీ అడుగున ఉండే కెర్నెల్ సర్వీసుల రీస్టార్టుతో మారదు; సర్వర్‌నే ఆపి లేపాలి. ఆ సంగతి ఆయనకు తెలియక కాదు. ఇన్నాళ్లూ ఆ ముక్కను చూసీ చూడనట్టు వదిలేశాడు.

“కానియ్, నా ఖర్మ!” అని రీబూట్ కొట్టాడు.

అయిదు నిమిషాలు. పది. ఉలుకూ పలుకూ లేదు. సర్వర్ గదికి పరుగెత్తాడు. తెర తగిలించి చూస్తే, ‘కీబోర్డు లేదు. కొనసాగాలంటే ఒక కీ నొక్కండి’ అని ఉంది.

“లేనిదాన్ని ఎలా నొక్కేది, నా మొహం!” పక్క బల్ల మీది కీబోర్డు పీక్కొచ్చి, తగిలించి, ఒక్క గుద్దు గుద్దాడు. సర్వీసులన్నీ వాటంతటవే వరసగా లేచాయి. అవతల యంత్రాల హోరు మొదలైంది.

ఆ కీబోర్డు షరతు తీసేయాలంటే సెట్టింగు మార్చి మరోసారి రీబూట్ చేయాలి. ఆయన భోజనాల వేళ దాకా ఆగాడు. అందరూ లేచి వెళ్లాక, ఎవరూ అడగకుండానే, తనే మళ్లీ ఆపాడు.